హైలాండర్ హైబ్రిడ్‌తో ట్రావెల్ ట్రైలర్ లాగొచ్చా? (కాలిఫోర్నియా)

ఫ్రీమాంట్_వాసి:
అందరికీ నమస్కారం. మాది టయోటా హైలాండర్ హైబ్రిడ్, టోయింగ్ కెపాసిటీ (వెనక లాగగలిగే బరువు) 3,500 పౌండ్లు. సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) ఒకటి చూశాం, డ్రై వెయిట్ 3,150. ఇంకా 350 మిగులుతుంది కదా, ఏం ఫర్వాలేదంటున్నాడు అమ్మే ఆయన. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. పిల్లలిద్దరితో కలిసి అందరం యోసెమిటీ నేషనల్ పార్క్‌కు వెళ్దామని ఆశ. నాన్నకు నడుం నొప్పి, దారిలో ట్రైలర్‌లో పడుకుని రావచ్చా? స్పీడ్ లిమిట్, లైసెన్స్ సంగతి కూడా చెప్పండి.

శాక్రమెంటో_బాబాయ్:
ముందు నాన్నగారి సంగతి. వద్దు బాబూ. కదిలే ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులు ఉండటం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం. గంటకోసారి ఆపి, దిగి నాలుగడుగులు వేయించండి.

ఇక బరువు. డ్రై వెయిట్ అంటే ఖాళీ డబ్బా బరువు. నీళ్లు గ్యాలన్‌కు 8.3 పౌండ్లు, 30 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 250 అయిపోయింది. గ్యాస్ సిలిండర్, బ్యాటరీ, పక్కలు, కుర్చీలు, అమ్మగారు సర్దే బియ్యం, పచ్చళ్లు ఇంకా ఎక్కనేలేదు. నేనైతే ట్రైలర్ స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి ట్రైలర్ మించకూడని బరువు) అని ఉండే అంకె చూస్తాను, అదే 3,500 లోపు ఉండాలి. మీరు చూసినదానికి అది కచ్చితంగా దాటి ఉంటుంది.

అసలు చాలామంది చూడనిది ఇంకోటి ఉంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ (కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు) మీద పడాలి. అంతకన్నా తగ్గితే ఫ్రీవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. 3,500కి కనీసం 350 పౌండ్లు. అదంతా మీ కారు మోసే బరువు కిందకే వస్తుంది. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు అంటే 700 పైమాటే, ఆపైన డిక్కీలో సామాను. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో అందులో రాసి ఉంటుంది. కొనేముందు ఈ లెక్క వేసుకోండి. అమ్మే ఆయన మీతోపాటు ఘాట్ దిగడు కదా.

లైసెన్స్ గురించి బెంగ వద్దు. ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటనంతవరకు మామూలు కారు లైసెన్స్, అంటే క్లాస్ సీ చాలు. స్పీడ్ మాత్రం 55 మైళ్లే, బోర్డు మీద 70 ఉన్నా సరే. కుడి లేన్‌లోనే వెళ్లాలి. ఒకవైపే నాలుగు లేన్లుంటే దాని పక్క లేన్ కూడా వాడొచ్చు. 1,500 పౌండ్లు, ఆపైన ఉన్న ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి, అవి ఎలక్ట్రిక్ అయితే కారులో వాటిని నడిపే బ్రేక్ కంట్రోలర్ బిగించాలి.

ఫ్రీమాంట్_వాసి:
చాలా థాంక్స్ బాబాయ్ గారూ. స్టిక్కర్ చూసొచ్చాను. ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 4,200! అది వదిలేస్తున్నాం. చిన్నది, నీళ్లు అక్కడికెళ్లాక నింపుకునేది చూస్తాం.

ట్రేసీ_అక్క:
మంచి నిర్ణయం తమ్ముడూ. చిన్నది కొన్నాక సామాను మొత్తం ఎక్కించి, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (బళ్లు తూచే పెద్ద కాటా) మీద ఒకసారి తూయించు. హైవే 120 మీద వెళ్తుంటే జీపీఎస్ దగ్గరి దారని ఓల్డ్ ప్రీస్ట్ గ్రేడ్ అనే ఘాట్ రోడ్డు చూపిస్తుంది. అది మరీ నిటారు, ట్రైలర్‌తో అస్సలు ఎక్కొద్దు. న్యూ ప్రీస్ట్ గ్రేడ్ మీదే వెళ్లు. తిరిగొచ్చేటప్పుడు బ్రేక్ తొక్కిపట్టకుండా లో గేర్‌లో దిగు.