నాచు చెరువులో కయాక్ నుంచి కొరమీనుకి ఫ్లై (హుక్కుకి కట్టిన తేలికైన నకిలీ ఎర) వేసేదెలా?

అన్నా, చిత్తూరు దగ్గర మా ఊరి చెరువులో సగం గుర్రపుడెక్క, మిగతాదంతా తామరాకులు, నాచు. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకొచ్చి బుడుంగుమనేది సరిగ్గా వాటి మధ్యే, గట్టు మీద నుంచి అందదు, అందుకే కయాక్‌లో కూర్చుని వేస్తున్నా. 8 వెయిట్ రాడ్ (8 అనేది అది మోసే లైను బరువు నంబరు), నీటి మీద తేలే ఫ్లోటింగ్ లైన్, ఫోమ్‌తో కట్టిన కప్ప ఫ్లై. అది బాగానే తేలుతుంది గానీ లాగేటప్పుడు హుక్కు ఆకులకి పట్టేస్తోంది, పోనీ అని వీడ్ గార్డు (ఆకులు పట్టకుండా హుక్కు ముందు అడ్డంగా కట్టే నైలాన్ ముక్క) గట్టిగా కడితే చేప నోట్లో దిగట్లేదు. గార్డుకి ఎంత మందం నైలాన్ వాడాలి?

ఇంకోటి, లాగిన లైనంతా కాళ్లకి చుట్టుకుంటోంది, గాలికేమో కయాక్ తిరిగిపోతుంది. లంగరు వేస్తే నాచులో ఇరుక్కుంటుంది, తామర కాడల గుత్తికి తాడు కట్టి ఆపితే ఆగుతుందా? పిల్లల గుంపుకి కాపలా కాసే చేపల జోలికి మాత్రం నేను వెళ్లను, వాటిని పట్టే చిట్కాలు దయచేసి వద్దు.