‘ఉప్పూ పులుపూ’: ఓతొమో యువరాజు పద్యంలో రెండు మాటలు

ప్రశ్న:

జపాను 39వ చక్రవర్తి కోబున్ చీనా భాషలో రాసిన చిన్న పద్యాన్ని తెలుగు చేస్తున్నాను. పాదానికి 5 అక్షరాలు, 4 పాదాలు, మొత్తం 20 అక్షరాలు. రెండో పాదం ‘ఉప్పు, ఉమె పండు’ అని మొదలవుతుంది. ఉమె మనకు లేదు, బాగా పుల్లగా ఉంటుందట. అందుకని ‘ఉప్పూ చింతపండూ’ అన్నాను. మూడో పాదం ‘సిగ్గు’ అనే అక్షరంతో మొదలవుతుంది. యుద్ధంలో ఓడి ఉరివేసుకున్న రాజు మాట కదా అని ‘తలవంపులు’ అని పెట్టాను. పెద్దలు సరిచూడగలరు.

జవాబు:

చింతపండు సంగతి తరువాత చూద్దాం. ముందు ‘తలవంపులు’ తీసేయండి. తలవంపులకు నలుగురు చూస్తూ ఉండాలి. ఇక్కడ చూసేవాళ్లు లేరు, ఒక మనిషి తనను తాను తూచుకుంటున్నాడు.

ఆ సిగ్గు తరువాత ‘లేదు’ అనే అక్షరం, దాని వెనుక వచ్చే రెండక్షరాలు చూడండి. ఒకటి కనిపెట్టి చూసుకోవడం, రెండోది నిమరడం. పాత చీనా గ్రంథాల ప్రకారం రాజు బయటికి వెళ్తే యువరాజు ఇంట ఉండి రాజ్యాన్ని కనిపెట్టుకోవాలి, రాజు వెంట వెళ్తే సైన్యాన్ని ఊరడించాలి. ఆ రెండు బాధ్యతలకూ కలిపి పెట్టిన మాట అది. కాబట్టి ఇది రాజు మాట్లాడే మాట కాదు, యువరాజు మాట్లాడే మాట. ‘ఆ విద్య నాకు లేదే అని సిగ్గుగా ఉంది’ అంటున్నాడు. ఓటమి ఊసే లేదు. మనకు అతని చావు తెలుసు కనుక దాన్ని పద్యంలోకి లాక్కొస్తున్నాం. అనువాదంలో ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు.

‘కోబున్ పద్యం’ అనడం కూడా నాకు ఇబ్బందే. ఆయన బతికుండగా ఆ పేరు లేదు. ఆయన ఓతొమో యువరాజు, 648లో పుట్టాడు. తండ్రి తెంజి చక్రవర్తి, తల్లి ఇగా ప్రాంతం నుంచి అంతఃపుర సేవకు వచ్చిన స్త్రీ. 671లో తండ్రి ఆయనను ప్రధానామాత్యుణ్ణి చేశాడు. ఆ పదవిలో ఆయనే మొదటివాడు. తండ్రి పోయాక బివా సరస్సు ఒడ్డున ఓత్సు రాజధానిలో కొద్ది నెలలే అధికారం. తల గొరిగించుకొని యోషినో కొండలకు వెళ్లిన పినతండ్రి ఓఆమా 672 వేసవిలో సైన్యంతో తిరిగి లేచాడు. సెతా వంతెన దగ్గర ఓతొమో సేన చెదిరింది, మర్నాడు యమసాకిలో ఆయన ప్రాణం తీసుకున్నాడు. గెలిచిన వంశం 720లో పూర్తిచేయించిన చరిత్ర, ‘నిహోన్ షోకి’, ఆయనను చక్రవర్తుల్లో లెక్కించలేదు. 1870లో, అంటే 1198 ఏళ్లకు, మెయిజీ ప్రభుత్వం ‘కోబున్’ అని పేరిచ్చి వరుసలో చేర్చింది. ‘కో’ అంటే విస్తరింపజేయడం, ‘బున్’ అంటే అక్షరం, సాహిత్యం. 751 నాటి ‘కైఫూసో’ చీనా పద్యాల సంకలనం ఈయన పద్యాలతోనే మొదలవుతుంది. ఆ పేరు తగినవాడికే దక్కింది.

ఇక ఉప్పు. అది వంటింటి మాటే కానీ కొలువులో పెరిగింది. పూర్వం ఒక చీనా రాజు తన మంత్రితో ‘నేను పులుసు కాస్తే నువ్వే ఉప్పూ ఉమే కావాలి’ అన్నాడట. అప్పటి నుంచి ఆ జంట పాలనలో పాళ్లు కుదర్చడానికి గుర్తు. జపాను భాషలో అదే మాట ఈనాటికీ ‘అంబాయ్’గా బతికి ఉంది. రుచికీ, ఒంటి కులాసాకూ, పని కుదిరిన తీరుకూ వాడతారు. చింతపండు అంటే ఓత్సు కొలువు కాస్తా మన వంటిల్లు అవుతుంది. ‘ఉప్పూ పులుపూ’ చాలు.

ప్రశ్న వేసినవారు:

‘తలవంపులు’ కొట్టేశాను. యువరాజు గొంతు అని తెలిశాక పద్యం మొత్తం మారిపోయింది. కనిపెట్టడం, నిమరడం అన్న జంటకు ‘లాలన పాలన’ అనవచ్చా? పిల్లల పెంపకానికి వాడతామని సందేహం.

జవాబు:

తప్పకుండా అనండి! నిమరడం అన్న అర్థం ‘లాలన’లో చక్కగా నిలిచింది. పిల్లల వాసన వచ్చినా నష్టం లేదు, సైన్యాన్ని ఊరడించడం అంటే అదే కదా. చివరి పాదంలో రాజ్యమంతటికీ గుర్తుగా వచ్చే ‘నాలుగు సముద్రాలు’ మాత్రం అలాగే ఉంచండి. ‘చతుస్సముద్రాలు’ అంటే శాసనాల్లో రాజు బిరుదులా మోగుతుంది. ఈయన బిరుదు చెప్పుకోవడం లేదు, భయపడుతున్నాడు.

ప్రశ్న వేసినవారు:

ఇలా కుదిరింది:

ధర్మం ఆకాశం నేర్పితే అందుకున్నాను,
ఉప్పూ పులుపూ కూర్చే భారం ఆ అసలు ప్రభువు మీద వేశాను.
లాలన పాలన తెలియవే అని సిగ్గుగా ఉంది,
నాలుగు సముద్రాలను నేనెట్లా ఏలగలను?