గోథిక్ నవలలో (పాత కోటలు, రహస్యాలు, భయం నిండిన కథలో) దెయ్యాన్ని చివర్లో కొట్టిపారేస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టేనా?

లాంతరు:
ఇంగ్లిష్ రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ నవల ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ (1794) ఇప్పుడే పూర్తి చేశాను. నాలుగు సంపుటాలు. ఇటలీ కొండల్లోని ఉడాల్ఫో కోటలో ఒక నల్లటి తెర ఉంటుంది. కథానాయిక ఎమిలీ దాన్ని ఎత్తి, వెనకున్నది చూసి స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో రచయిత్రి చెప్పదు. వందల పేజీలు గడిచి కథ ముగింపుకి వచ్చాక, అది మైనపు బొమ్మ అంటుంది! కోటలో వినిపించిన గొంతు రహస్య మార్గంలో తిరుగుతున్న ఖైదీది. ఇంకోచోట, చనిపోయిన దొరసాని మంచం మీద గుడ్డ కదులుతుంది. దాని కిందున్నది సముద్రపు దొంగ.

గోథిక్ అంటే దెయ్యం నిజంగా ఉండాలి. ఈ తరహా నవల మొదలైందే అలా. ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ (1764)లో పెళ్ళిరోజునే పెళ్ళికొడుకు ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డ భారీ శిరస్త్రాణం కింద నలిగి చనిపోతాడు. అది రాసిన హొరేస్ వాల్పోల్ దానికి సంజాయిషీ ఇవ్వలేదు. రాడ్‌క్లిఫ్ మాత్రం మన భయాన్ని అప్పుగా తీసుకుని, తీర్చాల్సిన చోట ముఖం చాటేసింది. మీరేమంటారు?

పాతబీరువా:
సంజాయిషీ ఇవ్వలేదని ఎలా అంటారండీ? మొదటి ముద్రణలో వాల్పోల్ తన పేరే వేసుకోలేదు. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకానికి అనువాదమన్నాడు. ఆ చీకటి రోజుల్లో జనం ఇలాంటివి నమ్మేవారు కాబట్టి కథలో ఉన్నాయని ముందుమాటలో రాశాడు. పుస్తకానికి ఆదరణ దొరికాకే, 1765లో రెండో ముద్రణలో, రాసింది తానేనని చెప్పాడు. ఇంతకంటే పెద్ద సంజాయిషీ ఏముంటుంది?

పైగా వాల్పోల్ దెయ్యాలు అప్పుడే కొందరికి మింగుడు పడలేదు. వంద మంది మోయాల్సిన కత్తి, అంతేసి శిరస్త్రాణం భయానికి బదులు నవ్వు తెప్పిస్తాయని క్లారా రీవ్ అనే రచయిత్రి 1778లో తన ‘ది ఓల్డ్ ఇంగ్లిష్ బేరన్’ ముందుమాటలో తప్పుపట్టింది. దెయ్యం ఉండొచ్చు కానీ నమ్మదగ్గ హద్దులో ఉండాలని ఆమె వాదన.

గోడగడియారం:
వివరణ ఇవ్వడం తప్పు కాదు, ఎప్పుడు ఇచ్చారన్నదే అసలు సంగతి. 2005లో వచ్చిన ‘చంద్రముఖి’ సినిమానే తీసుకోండి. అదీ పాత బంగళా, తాళం వేసిన గది, చచ్చిపోయిన నర్తకి కథే. అందులో గంగ అనే ఆమెకి పట్టింది దెయ్యం కాదు, మానసిక రోగం అని క్లైమాక్స్‌కి ముందే చెప్పేస్తారు. అయినా ఆ తర్వాతే జనం ఎక్కువ టెన్షన్ పడ్డారు. తెలుగు డబ్బింగ్ చూసి మోసపోయామని ఎవరూ అనలేదు. రాడ్‌క్లిఫ్ ఆ తెర రహస్యాన్ని సగంలోనే విప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

మేడగది:
లాంతరు గారూ, మైనపు బొమ్మ దగ్గరే ఆగిపోయారు మీరు. ఆ బొమ్మ అక్కడికి ఎలా వచ్చిందో చెప్పే పేరా మళ్ళీ ఒకసారి చదవండి, నా మొత్తం వాదన దాని మీదే ఉంది.

పూర్వం ఉడాల్ఫో కోట వంశంలో ఒకాయన చర్చికి అపరాధం చేశాడు. కుళ్ళిపోతున్న శవంలా చేసిన మైనపు బొమ్మను రోజూ కొంతసేపు చూస్తూ ఉండాలని ప్రాయశ్చిత్తం విధించారు. ఆయన దాన్ని అంతటితో వదల్లేదు. తర్వాతి తరాలు కూడా ఆ బొమ్మను కాపాడాలని, లేకపోతే ఎస్టేటులో కొంత భాగం చర్చికి పోతుందని వీలునామాలో షరతు పెట్టాడు. అంటే ఎమిలీ తెర ఎత్తి చూసింది ఒక ఆస్తి షరతుని! ఇది యాదృచ్ఛికం అని నేననుకోను.

కోటలో ఎమిలీని నిజంగా బాధపెడుతున్నది ఎవరు? కోట యజమాని మోంటోని. అతనికి కావలసింది సంతకం. ఎమిలీ మేనత్తను పెళ్ళి చేసుకున్నాడు, ఆమె ఎస్టేట్లు రాసివ్వమని వేధించాడు, బురుజులో బంధించాడు. ఆమె సంతకం పెట్టకుండానే జబ్బుచేసి చనిపోయింది. తర్వాత అదే కాగితం ఎమిలీ ముందుకు వచ్చింది. ఫ్రాన్సుకి పంపిస్తానంటే నమ్మి సంతకం చేసింది. అతను పంపలేదు. కథాకాలం 1584 అయినా, చదివింది 1794 నాటి ఇంగ్లండు ఆడవాళ్ళు. ప్రత్యేకంగా ఒప్పందం రాసుకోకపోతే పెళ్ళయ్యాక భార్య ఆస్తి మీద పెత్తనం భర్తదే. ఆ చట్టం మారడం మొదలైంది 1870లో. దెయ్యాలన్నీ ఉత్తివే అని తేలిపోయాక కూడా ఆ పాఠకురాలికి మోంటోని మిగిలే ఉంటాడు. అందుకే ఈ వివరణల్లో నాకు మోసం కనిపించదు. దెయ్యం ఉందని రాడ్‌క్లిఫ్ ఒప్పుకుని ఉంటే, నేరమంతా దాని మీదకి పోయి మోంటోని తేలిగ్గా తప్పించుకునేవాడు.

లాంతరు:
బాగా చెప్పారు, కానీ నేను ఒప్పుకోలేను. ఇదే పని వాల్పోల్ దెయ్యాన్ని ఉంచే చేశాడు కదా! ఒట్రాంటోలోనూ గొడవ ఆస్తిదే. కోటను ఏలుతున్న మాన్‌ఫ్రెడ్ తాత, అసలు ప్రభువు అల్ఫోన్సోకి విషం పెట్టి కోట కాజేశాడు. చివర్లో అల్ఫోన్సో కోట గోడలు కూలేంత రూపంతో లేచి, థియొడోర్ అనే యువకుడే నా వారసుడని ప్రకటిస్తాడు. దెయ్యం న్యాయం చేసింది. అంతెందుకు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ లాంటి అభిమానే రాడ్‌క్లిఫ్ వివరణలు నిరాశపరుస్తాయని రాశాడు.

మేడగది:
స్కాట్ నిరాశ నాకు అర్థమవుతుంది. దుప్పటి కింద సముద్రపు దొంగ అన్నది నాకూ రుచించదు, అది పేలవమైన ఉపాయం. కానీ మీరు చెప్పిన ఒట్రాంటో ముగింపులోనే ఒక కాగితం ఉంది. వారసత్వానికి రాతపూర్వకమైన రుజువు తన దగ్గరుందని ఫాదర్ జెరోమ్ అనబోతే, మాన్‌ఫ్రెడ్ అడ్డుకుని, ఇప్పుడు కళ్ళారా చూసినది వెయ్యి పత్రాల కంటే గట్టి సాక్ష్యం అంటాడు. దోచుకున్నవాడే దెయ్యం మాట విని కోట వదిలేశాడు. మోంటోని ఎదురుగా ఎన్ని దెయ్యాలు లేచినా ఎమిలీ సంతకం చేసిన కాగితాన్ని చించుతాడా?

పాతబీరువా:
అయితే రీవ్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆమె నవలలో దెయ్యాలు వారసుడికి దారి చూపిస్తాయి. కానీ కోట చేతికి రావాలంటే ద్వంద్వ యుద్ధం జరగాలి, ఓడినవాడు నేరం ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఎస్టేటు పంపకాల మీద బోలెడు పేజీలు నడుస్తాయి. 1764కీ 1794కీ మధ్యలో నిలబడి ఆమె దెయ్యాన్నీ వదల్లేదు, కాగితాన్నీ వదల్లేదు.