క్రాప్స్ బల్ల దగ్గర పందెం ఎక్కడ కాయాలి, ఎక్కడ కాయకూడదు?

టెక్కలి_బుల్లోడు:

అందరికీ నమస్కారమండి. వచ్చే నెల అక్కా బావా దగ్గరికి అమెరికా వెళ్తన్నాం. రెండ్రోజులు లాస్ వేగస్‌లో ఉంటాం. అక్కడ క్రాప్స్ అనే పాచికల ఆట ఓ గంటో రెండు గంటలో ఆడాలని ఉంది. పాచికలంటే మనకి తెలిసింది జాతర్లో గుండాట వరకే. ఆ బల్ల మీద గళ్లు చూస్తే ఏది ఏటో అంతు పట్టడం లేదు. 200 డాలర్లు పక్కన పెట్టుకున్నాను. అవి పోయినా పర్లేదు, అంతకి మించి తియ్యను. కానీ తెలియక పోగొట్టుకోకూడదు. ఆట ఎలాగ నడుస్తాది, డబ్బు ఎక్కడ పెట్టాలి, ఏ గడి జోలికి వెళ్లకూడదు? తెలిసినోళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాజాం_లెక్కలు:

తమ్ముడూ, బల్ల సంగతి తర్వాత. ముందు 36 అనే అంకె గుర్తు పెట్టుకో. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు. అందులో 7 ఆరు రకాలుగా వస్తుంది. 6, 8 అయిదేసి రకాలు. 5, 9 నాలుగేసి. 4, 10 మూడేసి. 3, 11 రెండేసి. 2, 12 ఒక్కో రకం. క్రాప్స్ మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది. ఏ పందానికి ఎంత ఇస్తున్నారో చూసి, ఈ లెక్కతో పోల్చుకుంటే ఎక్కడ ఎంత కోస్తున్నారో నీకే తెలిసిపోతుంది.

ఆట ఇలాగ. పాచికలు వేసే మనిషిని షూటర్ అంటారు. అతని మొదటి విసురు పేరు కమౌట్. దానికి ముందే నువ్వు బల్ల అంచు వెంబడి పొడుగ్గా ఉండే పాస్ లైన్ మీద చిప్స్, అంటే డబ్బు బదులు వాడే టోకెన్లు, పెట్టాలి. కమౌట్‌లో 7 గానీ 11 గానీ పడితే నీ పందానికి సమానంగా ఇస్తారు. 2, 3, 12 పడితే పందెం పోయింది. 4, 5, 6, 8, 9, 10లో ఏది పడితే అది ఆ రౌండుకి పాయింట్. ఆఫ్ అని ఉన్న నల్ల బిళ్లని డీలరు తిప్పి, ఆన్ అని ఉన్న తెల్లవైపు పైకి వచ్చేలా ఆ అంకె మీద పెడతాడు. అక్కణ్ణించి రెండే ముగింపులు. 7 కన్నా ముందు పాయింట్ పడితే గెలిచావు, పాయింట్ కన్నా ముందు 7 పడితే ఓడిపోయావు. మధ్యలో ఇంకేం పడినా పాస్ లైన్‌కి సంబంధం లేదు.

ఈ పందెంలో 495కి 244 గెలుపులు, 251 ఓటములు. అంటే 100 డాలర్లు కాస్తే సగటున ఒక డాలరు 41 సెంట్లు కాసినోకి పోతాయి. కాసినోలో దొరికే పందాల్లో ఇది చాలా చవకైనది.

ఇప్పుడు అసలు విషయం. పాయింట్ పడ్డాక నీ పాస్ లైన్ చిప్స్‌కి వెనకాల, నీవైపు, గీత బయట ఇంకొన్ని చిప్స్ పెట్టొచ్చు. దీన్ని ఆడ్స్ అంటారు. బల్ల మీద దీనికి గడి ఉండదు, పేరూ రాసి ఉండదు. ఎందుకంటే దీని మీద కాసినోకి పైసా మిగలదు. పాయింట్ 4 లేదా 10 అయితే ఒకటికి రెండు ఇస్తారు, 5 లేదా 9 అయితే రెండుకి మూడు, 6 లేదా 8 అయితే అయిదుకి ఆరు. 10నే తీసుకో. 7 రావడానికి ఆరు దారులు, 10 రావడానికి మూడు. ఓటమి గెలుపుకి రెండింతలు కాబట్టి గెలిస్తే రెండింతలు. లెక్క సరిగ్గా సరిపోయింది.

చాలా బల్లల్లో 3-4-5 ఆడ్స్ అని ఉంటుంది. అంటే పాయింట్ 4, 10 అయితే పాస్ లైన్‌కి మూడింతల దాకా, 5, 9 అయితే నాలుగింతల దాకా, 6, 8 అయితే అయిదింతల దాకా పెట్టనిస్తారు. కనీస పందెం 15 డాలర్ల బల్ల అనుకుంటే 45, 60, 75. ఏది గెలిచినా ఆడ్స్ మీద 90 వస్తాయి. అయితే నీ 200కి అది బరువు. పాయింట్ 6 పడి, 75 పెట్టి, 7 పడిందంటే ఒక్క దెబ్బకి 90 పోతాయి. అందుకని పాస్ లైన్ మీద 15 పెట్టి, ఆడ్స్ కింద 4, 10కి 15, 5, 9కి 20, 6, 8కి 25 పెట్టు. మూడింట్లో ఏది గెలిచినా ఆడ్స్ మీద 30, లైన్ మీద 15, మొత్తం 45 చేతికొస్తాయి. చిల్లర గొడవ కూడా ఉండదు. 5, 9 మీద బేసి అంకె పెడితే అర డాలరు కోసేస్తారు. 6, 8 మీద అయిదు గుణిజాలు కాకపోతే కూడా అంతే.

గంటకి 100 విసుర్లు పడ్డాయనుకో. పాస్ లైన్ పందెం తేలడానికి సగటున మూడున్నర విసుర్ల లోపే పడుతుంది కాబట్టి సుమారు 30 పందాలు. 15 డాలర్ల చొప్పున కాస్తే గంటకి సగటు ఖర్చు 6 డాలర్లు చిల్లర. ఆడ్స్ ఎంత పెట్టినా ఈ సగటు పెరగదు, ఒడుదుడుకులు మాత్రం పెరుగుతాయి.

కోట_జంక్షన్:

పై లెక్కకి నేను కలిపేదేం లేదు. బల్ల దగ్గర ఎలా నడుచుకోవాలో చెప్తాను. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

బల్ల వెనక మధ్యలో కూర్చున్నాయన బాక్స్‌మ్యాన్, ఆయనకి అటూ ఇటూ ఇద్దరు డీలర్లు, ఎదురుగా పొడుగు కర్రతో పాచికలు జరిపేవాడు స్టిక్‌మ్యాన్. నీ పందాలన్నీ నీవైపు డీలరే చూస్తాడు. నోటు అతని చేతికి ఇవ్వకు, తీసుకోడు. రౌండు నడుస్తుండగా కాకుండా, బిళ్ల ఆఫ్‌లో ఉన్నప్పుడు నోటు బల్ల మీద పరిచి 'చేంజ్ ప్లీజ్' అంటే చాలు. చిప్స్ నీ ముందు పెడతాడు. వాటిని అంచు మీదున్న గాడిలో నిలబెట్టుకో. పక్కవాళ్లవి కలవకుండా చూసుకో.

పాస్ లైన్, ఆడ్స్, ఫీల్డ్, కమ్ గడి, ఇవి నీ చేత్తో నువ్వే పెట్టేవి. అంకెల గళ్లలో మాత్రం చెయ్యి పెట్టకూడదు. చిప్స్ డీలరు ముందు ఉంచి ఏ అంకె మీద ఎంతో నోటితో చెప్పాలి.

నీ వంతు వచ్చినప్పుడు స్టిక్‌మ్యాన్ అయిదారు పాచికలు తోస్తాడు. రెండు తీసుకో. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చడం, బల్ల అంచు దాటించి ఒళ్లోకి తీసుకోవడం, గుప్పిట్లో మూసి నోటి దగ్గర పెట్టుకోవడం, ఇవన్నీ వాళ్లు మోసం అనుమానంతో చూసే పనులు. రెండూ ఎదురు గోడకి తగిలేలా విసరాలి. జారవిడిస్తే ఆ విసురు చెల్లదని చెప్పొచ్చు. బల్ల దాటి కింద పడితే బాక్స్‌మ్యాన్ పాచిక తీసుకుని పరీక్షిస్తాడు. విసరడం ఇష్టం లేకపోతే వద్దని తల ఊపితే చాలు, వంతు పక్కవాడికి పోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

పాచికలు షూటర్ చేతికి వెళ్లాక నీ చేతులు బల్ల లోపల ఉండకూడదు. నీ చేతికి తగిలి 7 పడిందో, బల్లంతా నీ మీద పడుతుంది. ఏడు అనే మాట పైకి అనకపోవడం కూడా అక్కడి పట్టింపు. మన ఊళ్లో రాత్రిపూట పాము అనకుండా పురుగు అన్నట్టే.

టెక్కలి_బుల్లోడు:

చాలా థాంక్సండి ఇద్దరికీ. ఇంకో రెండు సందేహాలు. మధ్యలో పెద్ద పెద్ద అంకెలతో 'ఒకటికి 30', 'ఒకటికి 9' అని రాసుంటాయి కదా, అవి ఎంతవరకు మంచివి? రెండోది, ఓడిన ప్రతిసారీ రెట్టింపు కాసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి అన్నీ వచ్చీస్తాయి కదా అని ఒకాయన అన్నారు. నిజమేనేటి?

బొబ్బిలి_వీణ:

బాబూ, మధ్య గళ్లు చూడ్డానికే బాగుంటాయి. తర్వాతి విసురులో 2 పడాలన్నా, 12 పడాలన్నా 36లో ఒక్కో దారే. అంటే న్యాయంగా ఒకటికి 35 ఇవ్వాలి, ఇచ్చేది 30. కోత, అంటే కాసినదాంట్లో సగటున కాసినోకి మిగిలేది, 13.89 శాతం. తర్వాతి విసురులో 7 పడుతుందని కాస్తే ఒకటికి 5 రావాలి, 4 ఇస్తారు. కోత 16.67 శాతం. మీరు గుండాట ప్రస్తావన తెచ్చారు కాబట్టి అందులోనే చెప్తాను. మూడు పాచికలతో, మన గుర్తు ఎన్నిసార్లు పడితే అన్నింతలు ఇచ్చే పద్ధతిలో ఆడించేవాడికి 7.87 శాతం మిగులుతుంది. ఆ 7 పందెం దానికి రెండింతలకి పైనే.

హార్డ్ 8 అంటే 4-4 మాత్రమే పడాలి. 7 పడినా, 5-3 లాగో 6-2 లాగో 8 వచ్చినా పోయినట్టే. గెలిచే దారి ఒకటి, ఓడే దారులు పది. ఇచ్చేది ఒకటికి 9. కోత 9.09. హార్డ్ 4, హార్డ్ 10 ఇంకా దారుణం, 11.11.

ఫీల్డ్ గడి మోసం వేరు. తర్వాతి విసురులో 2, 3, 4, 9, 10, 11, 12 అనే ఏడు అంకెల్లో ఏది పడినా గెలుపు, చాలా దొరికినట్టుంటుంది. కానీ దారులు లెక్కపెట్టండి, అన్నీ కలిపినా 36లో 16 మాత్రమే. మిగతా 5, 6, 7, 8 నాలుగింటికే 20 దారులు. 12కి మూడింతలు ఇచ్చే బల్లలో కోత 2.78, రెండింతలే ఇస్తే 5.56.

పాస్ లైన్ కాకుండా ఇంకేదైనా కాయాలనిపిస్తే 6 గానీ 8 గానీ ప్లేస్ చెయ్యండి, అంటే 7 కన్నా ముందు ఆ అంకె పడుతుందని కాయండి. ఆరుకి ఏడు ఇస్తారు, కోత 1.52. ఆరు గుణిజాల్లోనే పెట్టాలి. 18 పెడితే 21 వస్తాయి, 20 పెడితే పై రెండు డాలర్లకి సరైన వాటా రాదు. 5, 9 ప్లేస్ కోత 4 శాతం, 4, 10 కోత 6.67. వాటి జోలికి వద్దు. బల్ల మూలన పెద్ద అక్షరాల్లో బిగ్ 6, బిగ్ 8 అని కనిపిస్తే కంగారుపడి అక్కడ పెట్టకండి. అదే అంకెకి సమానమే ఇస్తారు, కోత 9.09. ప్లేస్ పందాలు కొత్త కమౌట్ విసురుకి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, అంటే ఆ విసురుకి గెలుపూ ఓటమీ ఉండవు, అది గుర్తుంచుకోండి.

ఇంకో తప్పు. ఆలస్యంగా బల్ల దగ్గరికొచ్చి, పాయింట్ పడిపోయాక పాస్ లైన్ మీద పెట్టడం. కమౌట్‌లో 7, 11 వల్ల వచ్చే లాభం అప్పటికే పోయింది. పాయింట్ 4 ఉండగా అలా పెడితే కోత 33 శాతం దాటుతుంది. ఆగి తర్వాతి కమౌట్‌కి పెట్టండి, లేదా కమ్ గడిలో పెట్టండి. కమ్ అంటే మీ ఒక్కరికే కొత్త కమౌట్ మొదలైనట్టు. తర్వాతి విసురులో 7, 11 పడితే గెలుపు, 2, 3, 12 పడితే ఓటమి, మిగతావాటికి డీలరు మీ చిప్స్ ఆ అంకె మీదకి జరుపుతాడు. దానికి ఆడ్స్ కావాలంటే చిప్స్ ముందు పెట్టి అడగాలి.

డోంట్ పాస్ అని పాస్‌కి ఎదురు పందెం ఉంది. కమౌట్‌లో 12 పడితే ఈ పందానికి గెలుపూ లేదు ఓటమీ లేదు, మిగతా అంతా తిరగేసినట్టే. కోత 1.36, కొంచెం తక్కువ. అందరూ ఓడినప్పుడు మీరు గెలుస్తారు కాబట్టి కేకలు వెయ్యకుండా ఆడుకోవాలి.

రెట్టింపు సంగతి. 15, 30, 60 వరుసగా పోతే 105 అయిపోయాయి. నాలుగోసారి 120 కావాలి, మీ దగ్గర 95 ఉంటాయి. మూడు వరుస ఓటములు 100కి 13 సార్లు రావడం మామూలే. 'పదిసార్లయింది, 7 పడలేదు, ఇప్పుడు పడాలి' అన్నదీ అంతే. పాచికకి గతం గుర్తుండదు. ప్రతి విసురుకీ 7 వచ్చే అవకాశం ఆరింట ఒకటే.

నాగావళి_గట్టు:

వెళ్లేముందు కొన్ని. నెవాడాలో 21 ఏళ్లు నిండాలి, అసలు పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. బల్ల మీద చిన్న పలకలో కనీస పందెం, ఆడ్స్ పరిమితి రాసుంటాయి, అవి చదివాకే నోటు పెట్టండి. క్రాప్‌లెస్ క్రాప్స్ అని రాసుంటే ఆడొద్దు. 2, 3, 12 పడినా ఓడరు కదా అని బాగున్నట్టుంటుంది, కానీ 11 కూడా గెలుపు కాకుండా పాయింట్ అయిపోతుంది, పాస్ లైన్ కోత 5.38 శాతానికి ఎక్కుతుంది. గాజు గోళంలో పాచికలు ఎగిరే యంత్రాలుంటాయి. వాటిలో కనీస పందెం తక్కువ, ఎవరూ చూడరు, మొదటి అరగంటకి అవి నయం.

పన్ను మాట. క్రాప్స్ గెలుపు మీద విదేశీయులకి అమెరికా పన్ను లేదు. కానీ మన దేశంలో నివాసి అయితే ఇక్కడ 30 శాతం కట్టాలి, పోయిన డబ్బు అందులోంచి తీసెయ్యనివ్వరు.

టెక్కలి_బుల్లోడు:

అన్నీ రాసుకున్నానండి. వెళ్లేలోపు ఫోన్లో ఏదైనా యాప్‌లో డబ్బు పెట్టి అలవాటు చేసుకోమంటారా?

నాగావళి_గట్టు:

వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 గేమింగ్ చట్టాన్ని 2020లోనే ఆన్‌లైన్‌కీ వర్తింపజేశారు. లైసెన్సు ఉన్న కాసినోలు గోవా, సిక్కింలలో ఉన్నాయి.

రాజాం_లెక్కలు:

తమ్ముడూ, యాప్ ఎందుకు? లూడో పెట్టెలోంచి రెండు పాచికలు తీసుకో. 40 జీడిపిక్కలు లెక్కపెట్టి పక్కన పెట్టు. పిక్క ఒక్కటీ 5 డాలర్లు, మొత్తం 200. దుప్పటి మీద సుద్దతో పాస్ లైన్ గీసి మూడు పిక్కలు పెట్టు. పాయింట్ 4, 10 అయితే వెనకాల మూడు, 5, 9 అయితే నాలుగు, 6, 8 అయితే అయిదు. ఆడ్స్ గెలిస్తే ప్రతిసారీ ఆరు పిక్కలు, లైన్‌కి మూడు. ఎదురుగా ఇంకొకర్ని డీలరుగా కూర్చోబెట్టి, బిళ్ల బదులు సీసా మూత తిప్పించు. వంద విసుర్లు అయ్యేసరికి నువ్వు కాగితం చూడకుండానే పెడతావు. 40 పిక్కలూ అయిపోయిన రోజు ఎన్నో విసురుకి అయిపోయాయో రాసి పెట్టుకో. అక్కడ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడగలవో అదే చెప్తుంది.