ఇంటిపేరు కోట, రెండే అక్షరాలు. బాబుకి ఏం పేరు పెడితే బాగుంటుంది?

ఇర్వింగ్ కొత్త:
అందరికీ నమస్కారం అండీ. డల్లాస్ వచ్చి ఏడాది కూడా కాలేదు, వచ్చే నెల మా ఆవిడకి డెలివరీ, బాబు అని స్కాన్‌లో చెప్పారు. మా ఇంటిపేరు కోట, మరీ పొట్టిగా ఉంది కదా, పేరు కాస్త పొడుగ్గా ఉంటే నిండుగా ఉంటుందని మా ఆవిడ. నాన్నగారేమో తాతగారి పేరు శ్రీహరి పెట్టాల్సిందే అంటున్నారు. లేదా ఇంటిపేరుకే రావు తగిలిద్దామా అని ఒక ఆలోచన. ఇక్కడ పిల్లల్ని కన్నవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

ప్లేనో గోదారోడు:
బ్రో నువ్వు ఒకసారి పైకి చదువుకున్నావా అసలు? ఊళ్ళో అయితే కోట శ్రీహరి, ఏ గొడవా లేదు. ఇక్కడ తిప్పి పిలుస్తారు కదా. శ్రీహరి కోట!! కౌంట్‌డౌన్ ఒక్కటే తక్కువ.

ఫ్రిస్కో అక్క:
నవ్వకండిరా పాపం. తమ్ముడూ, అసలు విషయం అదే, మనం పేరు పెట్టేటప్పుడు ఇంటిపేరు ముందు పెట్టుకుని అనుకుంటాం, ఇక్కడ జీవితాంతం వెనకాల పెట్టి పిలుస్తారు, కాబట్టి ఏ పేరు అనుకున్నా ముందు తిప్పి పైకి గట్టిగా ఒక పదిసార్లు అనుకో, మీ ఆవిడ చేత కూడా అనిపించు. పెద్ద ఇంటిపేరు అయితే ఏ పేరైనా కలిసిపోతుంది, ఎవరూ పట్టించుకోరు, రెండక్షరాల ఇంటిపేరు మాత్రం ముందు పేరుకి తోకలా అతుక్కుపోయి ఇంకో మాట అయిపోతుంది. మీ కోట అయితే మరీను. హరి అని కురచ చేసినా హరి కోటే. రాజ్ పెడితే ఆఫీసులో గుజరాతీ వాళ్ళు మా ఊరేనా అంటారు, రాజ్‌కోట్. రామ పెడితే రామకోటి రాసేవాళ్ళు అనుకుంటారు. నంద, గోవింద లాంటి ద తో అయిపోయే పేర్లు పెడితే ఇక్కడి టీచర్లకి వెంటనే డకోటా వినిపిస్తుంది, పైగా రెండు రాష్ట్రాలు ఉన్నాయాయె. ద తో మొదలైనా తప్పదు, దీపక్ అనుకో, చాలా కంపెనీల్లో ఈమెయిల్ ఐడీ పేరులో మొదటి అక్షరం ప్లస్ ఇంటిపేరు, అంటే డీకోట, మళ్ళీ డకోటానే.

ఇంకోటి, క్ తో ఆగే పేర్లు వద్దు. కార్తీక్, వివేక్, అభిషేక్ అన్నీ మంచి పేర్లే కానీ పక్కన కో వచ్చేసరికి రెండు క లు ఒకటైపోయి కార్తీకోట అని వినపడుతుంది. న్, త్, ష్ తో ఆగితే బాగా విడిపడుతుంది, విహాన్ కోట, అద్వైత్ కోట, హరీష్ కోట అను చూడు. ఆదిత్య లాంటివి కూడా బాగుంటాయి, రెండక్షరాల ఇంటిపేరు ముందు మూడు నాలుగు అక్షరాల పేరు పడితే పిలవడానికి ఒక ఊపు ఉంటుంది. మరీ రెండూ పొట్టివైతే ముద్దుపేరులా ఉంటుంది తప్ప పెద్దయ్యాక పేరులా ఉండదు, ఇది నా అభిప్రాయం, మా ఆయన ఒప్పుకోడు. స్పెల్లింగులో త కి టీహెచ్ రాయకు, థ అని చదివేస్తారు. కోట ని కూడా కోడా అంటారులే, దానికి మాత్రం మందు లేదు.

రావు తగిలించడం అస్సలు వద్దు. నీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ కోట అని ఉంటే బాబుకి కూడా అదే, ఒక్క అక్షరం తేడా లేకుండా. లేకపోతే డేకేర్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఈ పిల్లాడు నీ పిల్లాడేనని చెప్పుకుంటూ తిరగాలి.

టాంపా నెల్లూరోడు:
నేను ఒప్పుకోను. చంద్రయాన్-3 2023 జూలై 14న లేచింది శ్రీహరికోట నుంచే, మాకు గర్వం. తాతగారి పేరు పెట్టేయ్ అన్నా. అమెరికా వాళ్ళకి ఆ ఊరు ఎవరికి తెలుసు?

ఫ్రిస్కో అక్క:
అమెరికా వాళ్ళకి తెలీదు సరే, గూగుల్‌కి తెలుసుగా! రేపు వాడి పేరు కొడితే అన్నీ రాకెట్లే వస్తాయి. పైగా ఈ ఊళ్ళో వాడి క్లాసులో సగం మంది మన పిల్లలే, వాళ్ళ నాన్నలు ఊరుకుంటారా.

ఇర్వింగ్ కొత్త:
అయ్యో అక్కా, నాకు అసలు తట్టలేదు, మా ఆవిడ ఇందాకటి నుంచి నవ్వుతూనే ఉంది. మరి నాన్నగారికి ఏం చెప్పాలి? ఇంకో డౌట్, పుట్టాక నక్షత్రం చూసి పంతులుగారు అక్షరం చెప్తారు, బారసాల 21వ రోజున అనుకుంటున్నాం, అప్పటిదాకా పేరు ఆపొచ్చా?

ప్లేనో అంకుల్:
బాబూ, హాస్పిటల్లో అంతదాకా ఆగరు. మామూలుగా డిశ్చార్జి అయ్యేలోపే బర్త్ సర్టిఫికెట్ ఫారం చేతిలో పెడతారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలా అని అందులోనే ఒక గడి ఉంటుంది, అది టిక్ పెట్టడం మర్చిపోకు, కార్డు ఇంటికే పోస్టులో వస్తుంది. అప్పుడు రాసిన పేరు తర్వాత మార్చాలంటే ఫీజులు, కాగితాలు, ఒక్కోసారి కోర్టు దాకా కూడా పోవాలి. కాబట్టి రెండు మూడు పేర్లు ముందే అనుకుని ఉంచుకోండి. బాబు పుట్టిన రోజే పంతులుగారికి వాట్సాప్ చేసి అక్షరం తెప్పించుకో, బారసాల నీ ఇష్టం వచ్చినప్పుడు గుళ్ళో చేసుకో. టైము పంపేటప్పుడు మాత్రం డల్లాస్ టైము అని, ఊరు పేరుతో సహా రాయి. మనకీ ఇండియాకీ ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర తేడా, అక్షరం చెప్పేది నక్షత్ర పాదాన్ని బట్టి, అంటే నక్షత్రంలో నాలుగో వంతు, అది ఉండేది సుమారు ఆరు గంటలే. ఇక్కడి టైముని ఆయన ఇండియా టైము అనుకున్నాడంటే దాదాపు రెండు పాదాలు జరిగిపోతుంది, అక్షరం కాస్తా మారిపోతుంది.

పేరు పొడుగు గురించి మీ ఆవిడకి ఒక మాట. ఇంటిపేరు చిన్నది కదా అని ముందు గూడ్స్ బండి తగిలించకండి. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు, మిడిల్ నేమ్ కలిపి స్పేసులతో సహా 26 అక్షరాలే పడతాయి. వీర వెంకట సత్యనారాయణ అని ఇంగ్లీషులో రాసి లెక్కపెట్టు, 27 వస్తుంది.

నాన్నగారి సంగతంటావా, శ్రీహరిని మిడిల్ నేమ్‌లో పెట్టినా పూర్తిగా రాసిన చోటల్లా శ్రీహరి కోట పక్కపక్కనే పడతాయి, గమనించు. శ్రీహర్ష అని చూడండి, తాతగారిది సగం పైనే ఉంటుంది. ఆయన మాత్రం ఇంట్లో శ్రీహరి అనే పిలుచుకోవచ్చు, ఎవరు కాదంటారు.

ఇర్వింగ్ కొత్త:
శ్రీహర్ష కోట. బాగుంది అంకుల్. ఈ ఆదివారం నాన్నగారికి వీడియో కాల్లో చెప్తాను, ముందు అమ్మని మన వైపు తిప్పుకోవాలి. ఆ ఫారంలో తల్లి పేరు దగ్గర పెళ్ళికి ముందు ఇంటిపేరు అడుగుతారటగా, మా ఆవిడ పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంది, దానికేం రాయాలో ఎవరికైనా తెలుసా?