కుంటల చేపలన్నీ తేలినయి, మా పత్తికి కొట్టిన మందు వల్లనేనా?

పరకాల_పోరడు:
అన్నలూ నమస్తే. మాది పరకాల దిక్కు చిన్న ఊరు, నేను హన్మకొండల జాబ్ చేస్త, ఎవుసం బాపు చూసుకుంటడు. ఊరి కుంటకు పై మోక మాది నాలుగెకరాల పత్తి ఉన్నది. పోయిన బేస్తారం పచ్చదోమ బాగున్నదని మందు కొట్టిండు, దుకాణమాయన రెండు కలిపి కొట్టుమని ఇచ్చిండట, ఒకటి ఇమిడాక్లోప్రిడ్ ఇంకోటి లామ్డా సైహలోత్రిన్. శనివారం రాత్రి వాన దంచి కొట్టింది, ఐతారం పొద్దంత మబ్బే, సోమారం తెల్లారి చూస్తే కుంట మీద చేపలు తెల్లగ తేలినయి. పోయినేడు పోసిన పిల్లలు, ఒక్కొక్కటి కిలో పైన అయినయి. ఇప్పుడు చేపల సొసైటోళ్లు మీ మందు నీళ్లే దిగినయి పైసలు కట్టాలె అంటున్నరు, ఎల్లుండి పంచాయితి. బాపేమో ఊరంత కొడుతున్నరు నా ఒక్కని మందే దిగిందా అంటడు. నిజంగ మా మందు వల్లనేనా, ఎట్ల తెలుస్తది? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మిర్చి_ఎకరం:
తమ్మీ ముందుగాల ఒక్క రూపాయి కూడ ఒప్పుకోకు. ఒప్పుకున్నవంటే రేపు కప్ప సచ్చినా మీ బాపు దగ్గరికే వస్తరు. మాది నర్సంపేట సైడు, 2021ల మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మూడు రోజులకోసారి కొట్టినం, పూతల చెయ్యి పెడితే చేతికే పురుగులు పారినయి, ఏం కొట్టినా సావలే. తోటలు పీకేసినోళ్లు ఎంతమందో. అప్పుడు అందరి తోటల నీళ్లు వాగులకే పోయినయి గద, ఎవడు ఎవని మీద కేసు పెట్టాలె? అయితే ఒక మాట మాత్రం నిజం, ఆ యేడు మా తోటల తేనెటీగ కండ్లకు కనవడలే, పురుగు ఒక్కటి తప్ప అన్నీ పోయినయి.

నాగటి_సాలు:
ఇదంతా ఎందుకు, మందులే బంద్ చేస్తే అయిపాయె కదా. జనగామ దిక్కు ఏనబావి ఊరోళ్లు 2006లనే ఊరు ఊరంత రసాయనాలు బంద్ పెట్టిండ్రు, వేప కషాయం, పేడ, మూత్రం తోటే పండిస్తరు. మనకెందుకు చేతగాదు?

మిర్చి_ఎకరం:
ఎల్లుండి పంచాయితున్నోనికి ఏనబావి కథ చెప్తవేందన్నా. ముందు ఆ పోరన్ని గండం గట్టెక్కియ్యి.

నేల_తడి:
నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన. పైసల సంగతి తర్వాత, ముందు ఒక్కటి కనుక్కోండి, కొర్రమట్టలు చచ్చిపోయినయా బతికున్నయా? ఇదెందుకంటే బొచ్చె, రవ్వ, బంగారు తీగ నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీదనే బతుకుతయి, కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకుంటది, అందుకే బకెట్లో వేసినా గంటలకొద్దీ బతికుంటది కదా. నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే బొచ్చెలు పోతయి, కొర్రమట్టలు మిగుల్తయి. విషం దిగితే మాత్రం కొర్రమట్టకు కూడా తప్పదు.
లామ్డా గురించి చెప్పాలంటే అది చేపలకు చాలా చెడ్డది, కొన్ని జాతులకు లీటరు నీళ్లలో ఒక్క మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు. కానీ అది నీళ్లలో కరిగేది కాదు, మట్టికి అతుక్కుంటది, కాబట్టి వానకు చేనులోంచి ఎర్రమట్టితో కలిసే దిగాలి, దిగినాక కూడా చాలా వరకు మట్టితోనే అడుక్కు పోతది. ఇమిడాక్లోప్రిడ్ దానికి ఉల్టా, నీళ్లలో కరిగి పోతది, చేపను అంత తొందరగా చంపదు గానీ నీళ్లలో పురుగులను చంపుతది, ఆ పురుగులే చేప పిల్లలకు తిండి. ఇంకొకటి, డబ్బా మీద త్రికోణం రంగు చూసి మోసపోకండి, ఎరుపు పసుపు నీలం పచ్చ అనేది మనిషికి ఎంత విషమో చెప్పేది, చేపకు కాదు. పచ్చ త్రికోణం ఉండే క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు కూడా రొయ్య జాతికి పడదు.

వల_బుట్ట:
మాది చేపలు పట్టే ఇల్లే. పైనాయన చెప్పింది కరెక్టు, నేను ఇంకో రెండు చెప్త. గాలి అందక సచ్చేటియి తెల్లారుజామున నోర్లు తెరుసుకొని పైకొస్తయి, ఒడ్డుకొచ్చి గుటకలేస్తయి, పెద్దయి ముందు పోతయి. మందుకు సచ్చేటియి అట్లుండయి, పిచ్చి లేసినట్టు సుట్టు తిరుగుతయి, ఎగిరి ఒడ్డున పడ్తయి, పగలైనా రాత్రైనా. రొయ్యలు, ఎండ్రికాయలు ముందుగాల పోతయి, అది చూసినమంటే మందే అని మాకు సమజైతది. రెండేండ్ల కింద మా చెర్ల ఒకాయన పవర్ పంపు తూము కాడ కడిగిండు, డబ్బాలు గూడ అండ్లనే ముంచి కడిగిండు, సాయంత్రానికి తూము దిక్కు రొయ్యలన్ని ఎర్రగై ఒడ్డుకు కొట్టుకొచ్చినయి. కట్ట అవతలి దిక్కు ఏం కాలే. మందు నీళ్లు చెరువంత ఒక్క తీరు కలవయి, దిగిన కాడ్నే ముందు దెబ్బ. మీ బాపుది పంపు ఏడ కడిగిండో అడుగు.
సచ్చిన చేపలు మాత్రం ఎవలు తినొద్దు, ఎందుకు సచ్చినయో తెల్వకుండ.

పరకాల_పోరడు:
ఊర్ల సగం మంది సంచులు నింపుకొని పోయిండ్రు అన్నా, వండుకున్నరు గూడ, ఇప్పటికైతే ఎవలకేం కాలే.
బాపుకు ఫోన్ చేసిన. కొర్రమట్టలు సావలేదట! పిలగాండ్లు ఐతారం సాయంత్రం ఒకటి పట్టుకున్నరట, సోమారం సచ్చినయి తేలినంక గూడ గడ్డి కాడ ఇంకోటి దొరికిందట. తెల్లారుజామున నాలుగింటికి నీళ్లిడువ పోయినాయన నోర్లు తెరుసుకొని ఉన్నయి అని చెప్పిండట. పంపు మాత్రం బోరు కాడ కడిగిండు, కుంటల కాదు. అంటే మేం బయటపడ్డట్టేనా? 🙏

నేల_తడి:
మందు విషయంలో చాలా వరకు బయటపడ్డట్టే. రుజువు కావాలంటే సీసా గాజుది తీసుకొని కుంట నీళ్లు, అడుగు మట్టి ఐసులో పెట్టి పంపాలి, ప్లాస్టిక్ బాటిల్ వద్దు, లామ్డా లాంటివి ప్లాస్టిక్కుకే అతుక్కుంటయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీలో అవశేషాలు చూసే ల్యాబ్ ఉన్నది. ముందు వరంగల్‌లో ములుగు రోడ్డు పరిశోధన కేంద్రంలో అడగండి, ఎట్ల పంపాలో చెప్తరు.
కానీ ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. వానకు ముందు యూరియా వేసిండా మీ బాపు? ఎంత?

పరకాల_పోరడు:
వేసిండు. లైన్ల నిలబడి నిలబడి దొరికినయి అని ఎనిమిది బస్తాలు ఒక్కసారే చల్లిండు, శుక్రవారం.

నేల_తడి:
బస్తాకు 45 కిలోలు, నాలుగెకరాలకు ఎనిమిదంటే ఎకరానికి తొంభై కిలోలు. మన యూనివర్సిటీ చెప్పేది హైబ్రిడ్ పత్తికి పంట మొత్తానికి ఎకరానికి 60 కిలోల నత్రజని, అది కూడా 20, 40, 60, 80 రోజులకు నాలుగు సార్లు పంచుకొని. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి ఒక్కసారికి యూరియా ముప్పై కిలోలు దాటి కొంచెం అంతే. మీ నాయన దాదాపు మూడింతలు వేసిండు, మర్నాడు రాత్రే వాన. మొక్క తిననిదాంట్లో కొంత కుంటలకే. పోయినేటి యూరియా, డీఏపీ అన్నీ అట్లే చేరి ఉంటయి, ఆ నీళ్లు పచ్చగా పాకర (నాచు) పట్టి ఉన్నయా అడగండి. పగలు ఎండకు అదే పాకర ఆక్సిజన్ ఇస్తది, రాత్రి అదే తాగేస్తది. మబ్బు పట్టినప్పుడు పగలు ఇచ్చుడు కూడా తగ్గుతది, దానికి తోడు వాన నీళ్లు పేడ, చెత్త అంతా తెస్తయి, అది కుళ్లుతూ ఉన్న కొంచెం కూడా తీస్కుంటది. తెల్లారేసరికి చేపకు ఏం మిగలదు. మీ ఒక్క చేను కాదు, కుంట సుట్టు ఉన్నోళ్లందరివి.

వల_బుట్ట:
పచ్చగ ఉంటదని మేం సంబరపడ్తం తమ్మీ, చేపలు తొందరగ పెరుగుతయి అని. మా సొసైటీల గూడ పేడ పోస్తం, అబద్ధం ఎందుకు. మబ్బు పట్టినప్పుడు నీళ్లు ఎగజిమ్మే మోటార్ పెడితే బతుకుతయి, మీ సొసైటోళ్లు పెట్టిండ్రా?

పరకాల_పోరడు:
పెట్టలే. కుంట అయితే చైత్రం నుంచే గడ్డి రంగు ఉన్నదట. రేపు పొద్దున పోతున్న ఊరికి, బాపుకు ఈ థ్రెడ్ అంతా సదివి వినిపిస్త, సొసైటీ పెద్దమనిషి మాకు మేనమామ వరస అయితడు, పంచాయితి కంటే ముందు ఆయన ఇంటికే పోత. గాజు సీసా హన్మకొండల ఏడ దొరుకుతది అన్నా, మందుల షాపుల ఇస్తరా?