‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడా, కాసేపటికా?

ప్రశ్న: ప్రస్తుతం ఫలానా చోట పనిచేస్తున్నానని చెప్పడానికి దరఖాస్తులో ‘ప్రెజెంట్లీ’ అని రాశాను. దాని అర్థం ‘కాసేపట్లో’ అంటూ మా పైఅధికారి కొట్టేసి ‘కరెంట్లీ’ అని దిద్దారు. ‘ప్రెజెంట్’ అంటే వర్తమానమే కదండీ?

జవాబు: మీరు రాసింది తప్పు కాదండీ. ‘ఇప్పుడు’ అన్నదే ఆ మాటకు పాత అర్థం. అమెరికాలో, స్కాట్లండులో అది నేటికీ వాడుకలో ఉంది. మన దేశపు ఇంగ్లీషులోనైతే చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లండు వాడుకనే ప్రమాణంగా పెట్టుకున్నవారు మాత్రం ‘కాసేపట్లో’ అనే అర్థాన్నే ఒప్పుకుంటారు.

ఈ రెంటికీ నడుమ ఇంకో అర్థం ఉండేది: ‘తక్షణమే’. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో యేసు శపించగానే అంజూరపు చెట్టు ‘ప్రెజెంట్లీ’ ఎండిపోయింది. తెలుగు బైబిలులో అక్కడ ‘తక్షణమే’ అని ఉంటుంది. ‘కాసేపటికి’ అనే అర్థంతో చదివితే మహిమ కాస్తా నీళ్లు లేక ఎండిన చెట్టు కథ అవుతుంది! షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలోనూ అంతే. మాంత్రికుడు ప్రాస్పెరో పని పురమాయిస్తే అతని కింద పనిచేసే ఆత్మ ఏరియల్ “ప్రెజెంట్లీ?” అని అడుగుతాడు. రెప్పపాటులో కావాలంటాడు ప్రాస్పెరో.

ప్రశ్న: మరి ‘తక్షణమే’ కాస్తా ‘కాసేపటికి’ ఎలా అయింది?

జవాబు: మనుషుల బద్ధకం వల్ల అంటాను నేను. ఇప్పుడే చేస్తానన్నవాడు ఇప్పుడే చేయడు. వినేవాడికి అది అలవాటైపోతుంది, మాట అర్థం ఆ ఆలస్యం దగ్గర స్థిరపడుతుంది. ఇంగ్లీషులో ఇది ఒక్క మాటకు పట్టిన గతి కాదు. ‘సూన్’ పాత ఇంగ్లీషులో ‘వెంటనే’. ఇప్పుడు ‘కాసేపటికి’ అని అర్థమిచ్చే ‘బై అండ్ బై’ కూడా ఒకప్పుడు అంతే. బాప్తిస్మమిచ్చు యోహాను తల కావాలన్న అమ్మాయి అదే బైబిలులో ఆ మాటే వాడుతుంది, ఆమె అడిగింది అప్పటికప్పుడే. ఒకప్పుడు ‘వెంటనే’ అని అర్థమిచ్చిన ‘అనాన్’ సంగతి మరీ తమాషా. షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ నాటకం మొదటి భాగంలో సారాయి కొట్టు కుర్రాడు ఫ్రాన్సిస్, ఎవరు పిలిచినా “అనాన్, అనాన్ సర్!” అని అరుస్తాడు తప్ప కదలడు. మన హోటళ్లలో “వస్తున్నా సార్” వినలేదా?

దరఖాస్తులో మీ మాట ఉంచుకోవచ్చు. ఇతరులు రాసింది చదివేటప్పుడు క్రియను చూడండి: వర్తమానంలో ఉంటే ‘ఇప్పుడు’, భవిష్యత్తులో ఉంటే ‘కాసేపట్లో’.